చెవి మీది జలగలు

రోజారమణి మంచం మీద సంచి పెట్టుకుని సర్దుతోంది. నీలం రంగు సంచి, రెండు పక్కలా జిప్పులు. ఎడమ పక్క జిప్పు సగంలో పట్టేస్తుంది. మా అబ్బాయి సాయిశంకర్ పోర్టులో రాత్రి డ్యూటీలు పడినప్పుడు దుప్పటీ తువ్వాలూ అందులోనే పట్టుకెళ్ళేవాడు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాలుగు రోజులకని చెప్పింది నా కోడలు. సాలూరులో వాళ్ళ చెల్లెలి కూతురికి బారసాల. నాలుగు రోజులకి నాలుగు జతలు చాలు కదా, ఆరు పెట్టింది. తరువాత బీరువా పై అర నుంచి డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలు తీసి చీరల మధ్య దాచినట్టు పెట్టింది. మే నెల ఎండల్లో ఉన్ని శాలువా పెట్టింది.

బారసాలకి సర్టిఫికెట్లెందుకని నేను అడగలేదు. అడిగితే జవాబు చెప్పేస్తుందేమోనని భయం.

ఆమె రెండు చెవులకీ అవి ఉన్నాయి. మామూలు ఇయర్‌ఫోన్లు చెవి రంధ్రంలోకి దూరతాయి, తీగలు వేలాడతాయి. వీటికి తీగలు లేవు. ఇవి లోపలికి దూరవు కూడా. చెవి అంచుని కరుచుకుని ఉంటాయి. ముందొక బొడిపె, వెనకొక బొడిపె, మధ్యలో వంపు. జలగ కూడా అంతే, రెండు మూతులతో పట్టి నడుం వంచుతుంది. చిన్నప్పుడు వరి ఊడ్పులకి మడిలో దిగితే నా పిక్కలకి పట్టేవి. ఉప్పు చల్లి ఊడదీసేదాన్ని. రోజా చెవుల్ని చూసినప్పుడల్లా నా చెయ్యి ఉప్పు డబ్బా కోసం వెతికేది.

మనుషులు బయల్దేరడం నాకు పడదు. స్టీల్ ప్లాంటుకని మా ఊరు ఖాళీ చేయించిన రోజు నాకు గుర్తు, ఎవరి బండి ఎటు వెళ్ళిందో కూడా గుర్తు. మా తమ్ముడు కామరాజు రాయ్‌పూర్ లారీ మీద క్లీనరుగా ఎక్కిన వేళ గుర్తు. వాడు చెయ్యి ఊపలేదు, అరటిపండు తింటున్నాడు. సాయిశంకర్ రెండేళ్ళ కిందట జూన్‌లో పొద్దున్న ఏడుంపావుకి బండెక్కాడు. షీలానగర్ దాటాక వెనక నుంచి కంటైనర్ లారీ వచ్చింది. అందుకని ఇంట్లో ఎవరు సంచి తీసినా నేను వచ్చి గుమ్మంలో నిలబడతాను.

ఆ జలగలు మా ఇంటికి వచ్చింది మార్చి నెలలో. రోజా గాజువాకలో రక్తపరీక్షల ల్యాబులో పేర్లు రాసుకునే ఉద్యోగం చేసేది. రోజంతా కుర్చీలోనే. వాడు పోయాక నిద్ర పట్టక, ఒళ్ళు వచ్చి, ఆయాసం కూడా వచ్చింది. పొద్దున్నే గంటసేపు నడవమని అక్కడి డాక్టరే చెప్పాడట. ఒక్కతే నడవడానికి తోచదని తోటి ఉద్యోగులు కలిసి ఇవి కొని ఇచ్చారు. ఇంటికి తెచ్చిన రోజు పెట్టె విప్పి నాకు చూపించింది.

“అత్తా, ఇవి సెవి ముయ్యవు. సెవి మీద కూర్సుంటాయంతే. పాటా వినపడతాది, ఎనకమాల లారీ వత్తే అదీ వినపడతాది. అందుకే ఈ రకం కావాలన్నాను.”

“కూర్సోడానికి దానికి సెవే దొరికిందేటి?” అన్నాను నేను. మొహం తిప్పుకుని బియ్యం ఏరుకున్నాను. ఆ పిల్ల ఆ రకమే ఎందుకు కావాలందో అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఆయన తిరుమలరావు ముప్ఫై ఒక్కేళ్ళు ప్లాంటులో రోలింగు మిల్లులో చేశాడు. చెవుల్లో పెట్టుకోమని రబ్బరు బిరడాలు ఇచ్చేవారు. పెట్టుకున్నా చెవులు పోయాయి. మా వీధిలో ఇంటికొక చెవిటి మగవాడు ఉన్నాడు. అలాంటి ఇళ్ళల్లో ఆడవాళ్ళం మాట్లాడుకునే తీరు వేరు. మనిషి ఎదురుగా కూర్చునే ఆ మనిషి చెడ్డలన్నీ చెప్పుకుంటాం. ఆయన ముందే ఆయన కోపం గురించి, ఆయన గురక గురించి, వాళ్ళమ్మ గురించి చెప్పుకుని నవ్వేవాళ్ళం. మా నవ్వు చూసి ఆయనా నవ్వేవాడు. పిలవాలంటే భుజం తట్టడమే, నోరు పెట్టుకోవడం అనవసరం.

రోజా చెవులకి ఆ బొడిపెలు చూసిన మొదటి రోజే ఆయన ఇల్లు అదిరేలా అడిగాడు. “ఏటే, నాకు జతకి ఇంకో సెవిటిది తయారయ్యిందేటి?”

అందరం నవ్వాం. రోజా కూడా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమెనీ భుజం తట్టే పిలిచాం. చెవికి ఏదో ఒకటి ఉంటే ఆ మనిషి అక్కడ లేనట్టే అనేది మా ఇంటి లెక్క. ఎవరో పెట్టిన లెక్క కాదు, అలవాటు.

నడక ఒక్కదానికే అయితే సరిపోయేది. పొద్దున్నే బూట్లేసుకుని గ్రౌండు చుట్టూ తిరిగి, చెమటతో వచ్చి, అవి తీయకుండానే కాఫీ పెట్టేది. అవి ఉండగానే పప్పు తాలింపు, అవి ఉండగానే బట్టలు ఆరవేయడం. దగ్గరికి వెళితే సీసాలో పడ్డ ఈగలా సన్నగా గుయ్యిమనేది. ఒక్కోసారి తీసి ఆవకాయ జాడీ మూత మీద పెట్టి మరిచిపోయేది. ఎండిన చెమట తెల్లగా చార కట్టి, వెనక బొడిపెకి పసుపుపచ్చగా గుబిలి అంటుకుని ఉండేది. వాటిని వేళ్ళతో ముట్టుకోలేక, అంట్లు తోమే పీచుతో నెట్టి గట్టు చివరికి తోసేదాన్ని. తరువాత చేతులు రెండుసార్లు కడుక్కునేదాన్ని. పూజకి పెట్టిన దూదితో ఆమె వాటిని తుడుచుకోవడం ఒకరోజు చూశాను. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

అన్నిటికంటే అసహ్యం వేసింది ఆ మాటలకి. ఎదురుగా ఎవరూ ఉండరు. బెండకాయలు తరుగుతూ “అవునా”, “ఛీ పో”, “తిన్నావా” అంటుంది. మనతోనేమో అని జవాబు చెప్పబోతే చెయ్యి అడ్డం పెడుతుంది. చెయ్యి అడ్డం పెట్టించుకున్న మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, వంటింటి అద్దంలో చూసుకున్నాను.

పెందుర్తి నుంచి మా ఆడపడుచు అసిరమ్మ ఆదివారం ఆదివారం వస్తుంది. ఆమెకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. మాట్లాడాలంటే తీసి, మాట్లాడి, మళ్ళీ పెట్టుకుంటుంది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్న వసారాలో కూర్చున్నాం. రోజా మాకు రెండు మూరల దూరంలో మునగాకు దూస్తోంది. చెవులకి అవి ఉన్నాయి. తనలో తను నవ్వుకుంది.

అసిరమ్మ చుట్ట తీసింది. “అదెవుడితో నవ్వుతందొదినా?”

“గాలితో.”

“గాలికి నవ్వొత్తాదేటి? సరిగ్గా సూడు. మొగుడు పోయి రెండేళ్ళవనేదు. తెల్లారగట్ట బూట్లేసుకుని తిరుగుతందంట, మా పక్కింటోళ్ళ సత్యశ్రీ సూసిందంట.”

నేను మెల్లగా మాట్లాడమని సైగ చేశాను. అసిరమ్మ తన చెవులు చూపించి, రోజా చెవులు చూపించి, చెయ్యి తిప్పింది. వినపడదు కదా అని. నాకూ ధైర్యం వచ్చింది. రెండేళ్ళుగా లోపల పులిసిపోతున్న మాట ఒకటి ఉంది. అది అప్పుడు బయటకి వచ్చింది.

“ఆ పొద్దు ఆడు బండెక్కీసినాడు అసిరమ్మా. ఇదే, ఎనక నుంచి కేకేసి పిలిసింది. బయలెల్లిన మనిసిని ఎనక నుంచి పిలవకూడదని దీనికి తెల్దా? ఆడు ఆగినాడు, కేరేజీ తీసుకున్నాడు, ఎల్లిపోనాడు. ఎనక్కొచ్చి కూకుని ఒక్క గుక్క నీళ్ళు తాగి ఎల్తే దోసం పోను. తాగనేదు.”

“అయితే ఇదే తినీసిందన్నమాట ఆడ్ని.”

నేను కాదనాలి. “ఊఁ” అన్నాను.

మునగాకు దూసే చెయ్యి ఆగింది. ఆగి, మళ్ళీ కదిలింది. రోజా చేట తీసుకుని లోపలికి వెళ్ళింది. పాట అయిపోయి ఉంటుందనుకున్నాను.

తరువాతి ఆదివారమూ అదే మాట చెప్పుకున్నాం. ఆ తరువాతి రెండు వారాలూ. చెప్పేకొద్దీ మాటకి కాళ్ళూ చేతులూ వచ్చాయి. పిలిచిన గొంతు ఎంత కర్కశంగా ఉందో కూడా చెప్పాను. చెప్తుంటే గుండె తేలికపడేది, అందుకని చెప్పాను. రోజా ఎప్పుడూ అక్కడే ఉండేది, ఏదో ఒక పని చేస్తూ. ఒక్కసారీ తల ఎత్తలేదు. ఈ పిల్ల మొహంలో ఏమీ కదలదేమిటి, రాయా అని అది కూడా అసిరమ్మతో అన్నాను.

సంచి సర్దే రోజుకి వస్తాను. బీరువా అడుగున ఉన్న ఆ జలగల పెట్టె తీసి, చిత్తు కాగితాలతోపాటు గుమ్మం పక్కన పడేసింది రోజా. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. పకోడీల పొట్లాలూ, మా ఆయన తెచ్చే భద్రతా పోస్టర్లూ చూసి చూసి అక్షరాలు పట్టుకున్నాను. అందుకని పారేసే ప్రతి కాగితమూ ఒకసారి చదివి పారేస్తాను. ఆ పెట్టె మీద తెలుగు లేదు. ఒక బొమ్మ ఉంది. పెద్ద చెవి, దాని అంచుకి ఆ బొడిపె. చెవి రంధ్రం తెరిచి ఉంది. దానిలోకి గీతలు వెళుతున్నాయి. ఒక గీత కారు నుంచి, ఒక గీత కుక్క నుంచి. మూడో గీత నోరు తెరిచి మాట్లాడుతున్న ఒక ఆడమనిషి నుంచి.

ఆ మూడో గీతని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. బొమ్మ కదా, బొమ్మలు అబద్ధాలాడతాయి అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి, రోజా కాఫీ గ్లాసు కడగడానికి వచ్చేదాకా ఆగాను. ఆమె వీపు నావైపు ఉంది. చెవులకి అవి ఉన్నాయి, పాట గుయ్యిమంటోంది. నేను గొంతు పెంచకుండా, నాలో నేను అనుకున్నట్టు అన్నాను.

“కుక్కరు మూడు కూతలు కూసీసినట్టుందే.”

“రెండే అత్తా,” అంది రోజా, వెనక్కి తిరగకుండా.

గ్లాసు బోర్లించి వెళ్ళిపోయింది. నా నోట్లో అసిరమ్మ చుట్ట వాసన వచ్చింది. నేనెప్పుడూ చుట్ట ముట్టలేదు. పెరట్లోకి వెళ్ళి ఉమ్మాను, పుక్కిలించాను, మళ్ళీ ఉమ్మాను. పోలేదు.

ఎందుకంటే ఆ పొద్దున్న జరిగింది నేను చెప్పినట్టు కాదు. సాయిశంకర్ బండి స్టార్టు చేశాక, వంటింటి గట్టు మీద క్యారేజీ నాకు కనిపించింది. నా చేతులు పిండిలో ఉన్నాయి. “రోజా, ఆడు కేరేజీ మర్సిపోనాడు, పిలు పిలు” అని తొందరపెట్టాను. ఆ పిల్ల క్యారేజీ పట్టుకుని గుమ్మంలో ఆగింది. “ఎనక నుంచా అత్తా?” అని అడిగింది. నేను పరవాలేదు పిలు అన్నాను. కొడుకు ఆకలితో ఉంటాడని అన్నాను. అప్పుడు పిలిచింది. ఆమె గొంతు కర్కశంగా లేదు, సరిగ్గా పైకి కూడా రాలేదు, రెండోసారి పిలిస్తేగాని వాడు తిరగలేదు.

ఇది తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకరం అబద్ధం చెప్తుంటే ఇంకొకరం మునగాకు దూస్తూ విన్నాం.

జలగ చెవికి లేదు. నాలుగు ఆదివారాలుగా ఆ పిల్లకి పట్టి తాగింది నా నోరు. దాని మీద ఉప్పు చల్లేవాళ్ళు లేరు.

సంచి జిప్పు పట్టేసిన చప్పుడు వినిపించింది. తరువాత పూర్తిగా పడిన చప్పుడు. నేను ఒక మాట కూర్చుకున్నాను. “ఆ పొద్దు పిలమన్నది నానే. నీ తప్పు నేదు. అసిరమ్మకి అబద్ధం సెప్పేను.” మూడు ముక్కలు. పెదాల మధ్య తిప్పి తిప్పి కంఠతా పట్టాను. ఇది చెప్తే ఉంటుంది, చెప్పకపోతే వెళ్ళిపోతుంది అని నాకు తెలిసిపోయింది. ఆరు జతలూ శాలువా సర్టిఫికెట్లూ నాకు తెలుగులోనే చెప్పాయి. కొడుకు పోయాక ఆ ఇంట్లో వాడి పేరు నాతోపాటు తలుచుకునే మనిషి ఆమె ఒక్కతే. మా ఆయనతో వాడి గురించి మాట్లాడాలంటే వీధంతా వినపడేలా అరవాలి. అరిచి తలుచుకునే పేరు కాదు అది.

ఆటో వచ్చింది. మా ఆయన సంచి తీసుకెళ్ళి ఆటోలో పెట్టి, డ్రైవరుకి బస్సు కాంప్లెక్సు అని మూడుసార్లు అరిచి చెప్పాడు. రోజా గుమ్మం దగ్గర వంగి చెప్పు పట్టీ పెట్టుకుంటోంది. నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. కూర్చుకున్న మాట నోట్లోకి వచ్చింది. వచ్చాక భయం వేసి, ముందు ఇంకోటి అడిగాను.

“రోజా, ఎల్లొచ్చి మాకాడే ఉంటావు కదమ్మా?”

ఆమె పట్టీ బిగించి లేచింది. నా భుజం మీదుగా ఎటో చూసింది.

“ఉంటాను,” అంది. ఒక క్షణం ఆగి, “ఉంటాను మరి,” అంది.

చెవి మీద వేలు పెట్టి నొక్కింది. జుట్టు సర్దుకుందనుకున్నాను. మెట్లు దిగి ఆటో ఎక్కింది.

నాకు ఎంత నెమ్మది అనిపించిందో చెప్పలేను. వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళినవాళ్ళు నాకు చాలామంది తెలుసు, వాళ్ళలో రానివాళ్ళూ తెలుసు. వెళుతూ ఉంటానన్న మనిషిని అదే మొదటిసారి చూడడం. అన్నీ విన్నది, అయినా ఉంటానంది, మనసు పెద్దది అనుకున్నాను. ఇంక నేను చెప్పుకోవలసిన పని లేదనుకున్నాను. కూర్చుకున్న మూడు ముక్కలూ మింగేశాను. ఆటో కదులుతుంటే మాత్రం ఒకసారి పిలవాలనిపించింది. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని ఊరుకున్నాను.

మా ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను, కోడలు ఉంటానంది అని. ఆయన తల ఊపాడు. ఆ నాలుగు రోజులూ ఆమె గది తుడిచాను, పరుపు ఎండలో వేశాను. ఆదివారం అసిరమ్మ వస్తే, ఇంక ఆ పిల్ల ఊసు ఎత్తొద్దని చెప్పాను. అసిరమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

నాలుగు రోజులు పదైంది. పన్నెండో రోజు పొద్దున్న నేనే ఫోను చేశాను. ఎండల గురించి, పసిపిల్ల గురించి, వాళ్ళమ్మ మోకాళ్ళ గురించి చెప్పుకున్నాం. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకుందట, సోమవారం చేరుతుందట. ఆ మాట మామూలుగా చెప్పింది, ధర పెరిగిన కూరగాయ పేరు చెప్పినట్టు.

“మరి ఉంటానన్నావు కదమ్మా,” అన్నాను.

“ఎప్పుడత్తా?”

“ఎల్లినప్పుడు. గుమ్మంలో. మాకాడే ఉంటావా అంటే ఉంటాను అన్నావు. రెండుసార్లన్నావు.”

అవతల వాళ్ళింట్లో ఎవరో గిన్నె పెట్టిన చప్పుడు.

“అప్పుడు అమ్మతో ఫోన్‌లో ఉన్నానత్తా. ఆటో వచ్చింది, ఫోన్ పెట్టేత్తన్నాను. అందుకు ఉంటాను అన్నాను.”

ఫోను పెట్టేసేవాళ్ళు ఉంటాను అంటారు. నేనూ అంటాను. వెళ్ళిపోయే ముందు అనే మాట అది. ఎదురుగా నిలబడ్డ మనిషి నోట్లో నుంచి వచ్చేసరికి నేను దాన్ని పట్టుకుని పన్నెండు రోజులు పరుపులు ఎండబెట్టాను.

“అయితే నానడిగింది నీకు వినపడనేదా?” అన్నాను. వినపడలేదంటే బాగుండును అనుకున్నాను.

“వినపడింది. అవి పెట్టుకున్నా నాకు అన్నీ వినపడతాయి. మీకు జవాబు సెప్పనేదు, అంతే.”

అప్పుడు మింగేసిన ముక్కలు కక్కినట్టు బయటపడ్డాయి. పిలమన్నది నానే అన్నాను. నీ తప్పు నేదన్నాను. అబద్ధం సెప్పేనన్నాను. రెండోసారి కూడా అదే చెప్పాను.

“అది నాకు తెల్సు కదత్తా,” అంది రోజా. కోపంగా అనలేదు. “నాను అక్కడే ఉన్నాను కదా ఆ పొద్దు. నాకు సెప్పడమెందుకు? అసిరమ్మ పిన్నికి సెప్పండి.”

ఫోను పెట్టేసింది. ఈసారి ఏ మాటా అనలేదు.

ఆదివారం అసిరమ్మ వచ్చాక చెప్పాను. వసారాలో, అదే చోట. ఆమె చుట్ట నోట్లో నుంచి తీయకుండా మొత్తం వింది. తరువాత తీసి, బూడిద నా వాకిట్లో రాల్చింది.

“ఇప్పుడు సెప్తే ఏటి నాభమొదినా? నాను పెందుర్తిలో పది మందికి సెప్పీసేను.”

ఆగస్టులో రోజా తమ్ముడు వ్యాను తెచ్చి ఆమె బట్టలూ కుట్టుమిషనూ పట్టుకెళ్ళాడు. సాయిశంకర్ ఫోటో ఒకటి అడిగితే ఇచ్చాను. ఆమె రాలేదు.

నా కోడలు రోజారమణి రెండువేల ఇరవై ఐదు మే పదకొండో తారీకు, ఆదివారం, పొద్దున్న తొమ్మిది దాటి పది నిమిషాలకి మా ఇంట్లో నుంచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.